కాల్షియం నార్మలే, మరి ఎముకలు?

రిపోర్టు చేతికిచ్చేటప్పుడు పెద్దావిడలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "కాల్షియం బాగానే ఉందంట గదా నాయనా, మరి ఈ ఒళ్ళు నొప్పులేంటి?" రోగం సంగతి డాక్టరుగారు చెప్పాలమ్మా అంటాను. ల్యాబువాడికి అదే మర్యాద. కానీ ఆ అంకె సంగతి చెప్పగలను.

మేం కొలిచేది రక్తంలో తిరిగే కాల్షియం. పెద్దవాళ్ళకు డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. ఒంట్లో ఉండే దాదాపు కిలో కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. గుండె లయ తప్పకూడదన్నా, కండరాలు బిగుసుకుపోకూడదన్నా రక్తంలోని ఆ కాస్తా అటూ ఇటూ కాకూడదు. కాస్త తగ్గగానే మెడలో థైరాయిడ్ వెనక ఉన్న నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను వదులుతాయి. దాంతో ఎముక కరిగి కాల్షియం రక్తంలోకి వస్తుంది. మూత్రంలో పోయేదాన్ని కిడ్నీలు ఆపుతాయి. విటమిన్ డి కూడా ఆ కిడ్నీల్లోనే పనికొచ్చే రూపానికి మారి, తిండిలోని కాల్షియాన్ని పేగులు ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. ఇంట్లో నగలు తాకట్టు పెట్టి బయట పరువు నిలుపుకున్నట్టన్నమాట. రిపోర్టులో మాత్రం నార్మల్!

కాబట్టి పక్క అంకెలు చూడాలి. విటమిన్ డి, ఫాస్ఫరస్ తగ్గి, పారాథైరాయిడ్ హార్మోను, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే ఎముక మెత్తబడుతోందేమోనని అనుమానించాలి. ఎముక గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌లో ఇవేవీ మారకపోవచ్చు. దానికి డెక్సా స్కానే దిక్కు.

అంకె అబద్ధమాడటమూ ఉంది. సీబీపీకి వాడే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆ రక్తం పొరపాటున కాల్షియం పరీక్షకు తీసే ఎర్రమూత ట్యూబులో కలిస్తే కాల్షియం పాతాళానికి, పొటాషియం ఆకాశానికి. ఆ అంకెలు నిజమైతే ఆ మనిషి నడిచి వచ్చి కుర్చీలో కూర్చోగలిగేవాడే కాదు. మళ్ళీ శాంపిల్ తీయాల్సిందే. రక్తంలోని కాల్షియంలో సుమారు 40 శాతం ప్రొటీన్లను, ముఖ్యంగా ఆల్బుమిన్‌ను అంటుకుని ఉంటుంది. అందుకే ఆల్బుమిన్ 4 గ్రాములకన్నా ఎంత తగ్గితే, గ్రాముకు 0.8 చొప్పున కాల్షియానికి కలిపి లెక్క చూస్తారు.

థైరాయిడ్ ఆపరేషన్ జరిగిన మర్నాటి శాంపిల్ విషయంలో మాత్రం తాత్సారం పనికిరాదు. వెనకున్న పారాథైరాయిడ్ గ్రంథులకు దెబ్బ తగిలితే కాల్షియం నిజంగానే పడిపోతుంది. పెదాలు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, చేతులు కొంకర్లు పోతాయి. అలాంటి అంకె కనబడితే రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగం, వార్డుకు ఫోన్ చేస్తాం.

జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు మింగేవాళ్ళు శాంపిల్ ఇచ్చేముందు ఆ మాట మాకు చెప్పండి. కొన్ని మెషీన్లలో బయోటిన్ వల్ల పారాథైరాయిడ్ హార్మోను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.