భుజం మీది గుడ్డ

మా నాయనకి రెండు తుండుగుడ్డలుండేవి. ఒకటి పనికి, ఒకటి పరువుకి. పనిగుడ్డ తలకి చుట్టుకునేవాడు, దాంతోనే చెమట తుడుచుకునేవాడు, మిరపచేలో కాపలా పడుకుంటే అదే పరుపు. పరువుగుడ్డ తెల్లది. చర్చికీ, చుట్టాలిళ్లకీ భుజాన వేసుకుని పోయేవాడు. అయితే ఏ గుడ్డయినా మాదిగపల్లె దాటి ఊళ్లో అడుగుపెట్టేసరికి భుజమ్మీంచి దిగి చంకలోకి పోయేది. కామందు అరుగు మీద ఉన్నా అంతే, లేకపోయినా అంతే. "ఎవరూ లేరుగా నాయనా, ఎందుకు తీశావు?" అని ఒకసారి అడిగా. "అరుగుంది గదరా" అన్నాడు.

1996లో నేను రెండో తరగతి. కామందు కూతురి పెళ్లికి నాయన పొద్దుట్నుంచీ డప్పు కొట్టాడు. బంతులన్నీ లేచి, ఎంగిలాకులు ఎత్తినాక, పశువుల కొట్టం వెనక మావోళ్లకి పెట్టారు. వడ్డించేవాడు వంగలేదు. నిలబడి పైనుంచి వదిలాడు. నాయన విస్తరి ముందు కూచోలేదు. పరువుగుడ్డ నేలమీద పరిచాడు. పులిహోర పడింది, రెండు బూరెలు పడినయ్. మూటగట్టుకుని ఇంటికి తెచ్చాడు. మేం ముగ్గురం పిల్లలం ఆ మూట చుట్టూ కూచుని తిన్నాం. పులిహోరకి నాయన చెమట వాసన. పులిహోర వాసనే అంతేమో అనుకున్నా. మర్నాడు అమ్మ సబ్బు పెడితే పసుపు మరక ఎర్రగా తిరిగింది. ఎంత ఉతికినా పోలేదు. ఆ రోజునుంచి అది పనిగుడ్డయింది.

అన్నానికీ గుడ్డకీ ఉన్న సంబంధం నేను మొదట నేర్చుకున్నది అక్కడ.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో సత్తుకంచంలో తిని, లుంగీకి చెయ్యి తుడుచుకుని డిగ్రీ చేశా. బి.ఇడి. చేశా. డి.యస్సీ. రాస్తే 2016లో టీచరుద్యోగం వచ్చింది. చదువుకుంటే అన్నీ తెలుస్తాయని పల్లెలో అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నా.

2019లో ఒక శిక్షణ ఆఖరి రోజున మా టీచర్లందరికీ విజయవాడలో ఒక పెద్ద హోటల్లో విందు ఇచ్చారు. గుండ్రటి బల్ల, తెల్లటి దుప్పటి, మనిషికో గాజుగ్లాసు. గ్లాసులో నెమలి పురివిప్పినట్టు ఒక గుడ్డ నిలబడి ఉంది. దాన్ని చూడ్డానికే పెట్టారా, వాడ్డానికి పెట్టారా తెలీలేదు. పక్కాయన లాగాడు, నేనూ లాగా. చెయ్యి తుడుచుకున్నా. ఆ పైన నా ప్రమేయం లేకుండానే గుడ్డ నా ఎడమ భుజమ్మీదికి పోయింది. నాయన చెయ్యి నా చేతిలో ఉన్నట్టుంది.

ఎదురుగా కూచున్న పెద్ద మాస్టారు చూశాడు. "మాస్టారూ, అది భుజాన వేసుకునేది కాదండీ. తియ్యండి, తియ్యండి" అన్నాడు. బల్లంతా నవ్వింది. ఆయన నా కులం చూసి అన్నాడని నేననను. మర్యాద చెబుతున్నాననే అనుకుని ఉంటాడు. కానీ నా చెవుల్లో పడ్డది ఆ ఒక్క మాటే, "తియ్యి". గబుక్కున తీశా. తీసిన గుడ్డని నా చెయ్యి ఎక్కడ పెట్టిందో తెలుసా? చంకలో.

నేనెప్పుడూ కామందు అరుగు ముందు గుడ్డ తీసినవాణ్ణి కాదు. నాకు ఊహ బాగా వచ్చేసరికి మా పల్లె కుర్రాళ్లు ఆ పద్ధతి మానేశారు. అయినా నా చంకకి తెలుసు. భయం వారసత్వంగా వస్తుందని పుస్తకాల్లో చదవక్కర్లేకుండా నాకు ఆ రాత్రి తెలిసింది.

వడ్డించే కుర్రాడొకడు నా పక్కకొచ్చి వంగాడు. ఇంకో గుడ్డ తీసుకుని, విప్పి, సగానికి మడిచి, నా ఒళ్లో పరిచాడు. "మడత మీ వైపుకి ఉండాలి సార్" అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు. అన్నం తిన్నంతసేపూ నేను తలెత్తలేదు.

చేతులు కడుక్కోడానికి పోయినప్పుడు వాడే కనపడ్డాడు. ఏ ఊరని అడిగా. ఊరు చెప్పాడు. ఊళ్లో ఎక్కడని అడిగా. పల్లె అన్నాడు. ఇంక అడగాల్సిందేం లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం వాడూ, ఇంకో ముగ్గురూ కలిసి నాలుగొందల గుడ్డలు మడిచారంట. "చూపిస్తా రాండి సార్" అని ఒక గుడ్డ తెచ్చాడు.

గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ, నాలుగు పక్కలా ఇరవై అంగుళాలు. ఒక అంచునుంచి అంగుళం ముందుకీ అంగుళం వెనక్కీ మడుచుకుంటూ పోవాలి. పట్టీలా అయినాక మధ్యకి విరిచి, మొదలు గ్లాసులో దూరిస్తే పైన విచ్చుకుంటుంది. అది విసనకర్ర. ఇంకోటి కోసుగా రెండు మొనలతో నిలబడుతుంది. "దీన్ని బిషప్పు టోపీ అంటారు సార్" అన్నాడు. మా పల్లె చర్చికి పాస్టరు రావడమే ఎక్కువ, బిషప్పు టోపీని నేను మొదట చూసింది అన్నాల బల్ల దగ్గర.

వాడే మిగతాది కూడా చెప్పాడు. కూచోగానే గుడ్డ ఒళ్లో వేసుకోవాలి. మూతి రుద్దకూడదు, అద్దుకోవాలి. మడత లోపలి పక్కతో అద్దుకుంటే మరక బయటికి కనపడదు. మధ్యలో లేస్తే కుర్చీ మీద పెట్టాలి, మళ్లీ వస్తారని వాళ్లకి గుర్తు. అయిపోయాక ప్లేటుకి ఎడమపక్కన వదులుగా పెట్టాలి. మళ్లీ మడవకూడదు.

"ఎందుకు మడవకూడదు?"

"మడిచి పెడితే వాడనిదనుకుని ఇంకొకళ్లకి పెడతామేమోనని సార్."

వాడి వేళ్లు చూస్తా నిలబడ్డా. ఒక విసనకర్ర తయారయ్యేలోపు ఆ గుడ్డని ఎన్నిసార్లు ముట్టుకున్నాడో లెక్కలేదు. అదే ఈమధ్య గొడవంట, ఎక్కువ మడతలంటే ఎక్కువ చేతులు తగులుతాయి, శుభ్రం కాదు, తేలిక మడతలు చాలని పై వాళ్లు అంటున్నారంట. నాకు నవ్వొచ్చింది. మా నాయన ముట్టుకున్న గ్లాసు ఊళ్లో టీకొట్టు గోడకి వేరేగా తగిలించి ఉండేది. ఆయన తాగి ఆయనే కడిగి పెట్టాలి. ఇక్కడ మా పిల్లోడు వేళ్లతో నొక్కి నొక్కి మడిచిన గుడ్డని పెదాలకి అద్దుకుంటున్నారు. ఆ గుడ్డ ఉతికిందెవరు, గంజి పెట్టిందెవరు, మడిచిందెవరు? ఎవరూ అడగరు. తెలిస్తే అంటు, తెలియకపోతే మర్యాద. మరకని లోపలికి తిప్పే మడత ఈ దేశానికి ఎప్పట్నుంచో తెలుసు.

ఆ మర్యాద ఎక్కడిదో తెలుసుకోవాలని తర్వాత లైబ్రరీలో వెతికా. 1530లో ఎరాస్మస్ అనే పండితుడు ఒక రాకుమారుడి పేర పిల్లల నడవడి గురించి లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు. యూరప్ అంతా చదివిన పుస్తకం. భోజనం దగ్గర గుడ్డ ఇస్తే దాన్ని ఎక్కడ వేసుకోమన్నాడో తెలుసా? ఎడమ భుజం మీద, లేకపోతే ఎడమ చేతిమీద. రెండుసార్లు చదివా. విజయవాడలో నేను చేసిందదే! అంటే భుజం తప్పు కాదు, ఒడి ఒప్పూ కాదు. ఆ కాలానికి ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల పద్ధతే మర్యాద. రాకుమారుడి భుజానికి చెల్లింది మా నాయన భుజానికి చెల్లలేదు, అంతే తేడా.

అలాగని ఆ మర్యాదలు మనకెందుకని నేననను. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్లతో మాట్లాడుతూ కులాన్ని చూపించే కట్టూబొట్టూ వదిలి, చీర నిండుగా కట్టుకోమన్నాడు. గుడ్డలోనే కులం ఉందని ఆయనకి తెలుసు. కాబట్టి నేర్చుకుందాం. నేర్చుకోవడం లొంగిపోవడం కాదు. తెలియనందుకు సిగ్గుపడటం మాత్రం వద్దు.

మా బళ్లో పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని చొక్కాలకీ గౌన్లకీ చేతులు తుడుచుకునేవాళ్లు. తానుగుడ్డ కొని ముక్కలు చేయించి, అంచులు కుట్టించా. లెక్కల పీరియడ్‌లో మడత పెట్టించా. సగం, పావు, త్రిభుజం. అన్నం దగ్గర ఒళ్లో వేసుకోవడం నేర్పా. గుడ్డల మీద పేర్లు రాయించలేదు. అన్నీ ఒకే బకెట్లో నానబెడతాం, ఎవరికి ఏది వస్తే అది. వారం తిరక్కుండా ఊళ్లోంచి ఒకాయన వచ్చాడు. "మా పిల్ల గుడ్డ వాటిల్లో కలపమాకండి సార్" అన్నాడు. వాటిల్లో అంటే వేటిల్లో అని అడిగా. చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఇద్దరు పిల్లలు ఇంటినుంచి వేరే గుడ్డ తెచ్చుకుంటారు. ఒక్క బకెట్ దగ్గర ఆగిపోయింది నా సంస్కరణ. బకెట్ మాత్రం నేను మార్చలేదు.

ఎరాస్మస్ సంగతి నాయనకి చెప్పా. చాలాసేపు నవ్వాడు. "అయితే ఆయన మన పల్లె ముఖం చూసుంటాడా?" అన్నాడు.

మొన్న ఆగస్టు పదిహేనుకి నాయన మా బడికొచ్చాడు. కొత్త తెల్ల తుండుగుడ్డ, ఎడమ భుజాన. జెండా కింద ముందు వరసలో కుర్చీ వేశా, కూచున్నాడు. బకెట్ గురించి అడగవచ్చిన ఆయన పక్క కుర్చీలో ఉన్నాడు. గుడ్డ భుజమ్మీదే ఉంది. ఎవరూ తియ్యమన్లేదు. అన్నా నాయన తియ్యడు.