బోల్తా పడ్డాక పరాచికాలు

జూలైలో హుస్సేన్‌సాగర్ మీద లేజర్ అనే చిన్న తెరచాప పడవలు పోటీపడేటప్పుడు వినిపించే పరాచికాలంటే నాకు ప్రాణం. బోల్తాపడిన వాడు నీళ్లలోంచి తల ఎత్తగానే పక్క పడవ నుంచి కేక: "ఏమన్నా, చేపలన్నీ మంచిగున్నయా?" జవాబూ వెంటనే: "నిన్నే అడిగినయ్ తమ్మీ, జల్ది రమ్మన్నయ్!"

లేజర్ నిడివి 4.2 మీటర్లే. గాలి ఒత్తిడికి మనిషి ఒంటి బరువే సమతూకం. గాలి హఠాత్తుగా మారితే పల్టీ. అప్పుడు డాగర్‌బోర్డు అనే అడుగు పలక మీదికెక్కి, వెనక్కి వాలి, పడవను లేపాలి. ముక్కు గాలికి ఎదురుగా లేకపోతే లేచింది మళ్లీ పడొచ్చు. అందుకే కొత్తగా నేర్చుకునే పిల్లల చేత కావాలనే బోల్తా కొట్టిస్తారు. భయం అక్కడే సగం పోతుంది.

కేక వేసినవాడి చూపు ముందు వెతికేది మనిషి పైకి తేలాడా అని. తేలాకే జోకు. ఈ వరస నాకెంతో ఇష్టం.