627లో ఏముంది?

కొత్త ఫ్లూ సీక్వెన్స్ ఏది చేతికొచ్చినా మా ల్యాబ్‌లో ముందు అడిగేది ఇదే. ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ జన్యుపదార్థం ఎనిమిది ముక్కలు, మొత్తం సుమారు 13,500 అక్షరాలు. అందులో పీబీ2 అనే ముక్క ఇచ్చే ప్రొటీన్‌లో 627వ స్థానం మీదే అందరి కళ్లూ. పక్షుల వైరస్‌లలో అక్కడ సాధారణంగా ‘ఇ’, అంటే గ్లుటామిక్ ఆమ్లం. మనుషుల్లో తిరిగే హెచ్3ఎన్2లో ‘కె’, లైసిన్. జన్యువులో జీఏజీ కాస్తా ఏఏజీ అయితే చాలు, ఇ పోయి కె వస్తుంది. నకళ్లు తీసుకోవడానికి వైరస్‌కి కణంలోని ఏఎన్‌పీ32ఏ ప్రొటీన్ సాయం కావాలి. కోళ్లలో దానికి 33 అమైనో ఆమ్లాల అదనపు తునక ఉంది, మనకు లేదు. ఆ తునకకు అలవాటుపడ్డ పీబీ2 మన కణంలో నత్తనడక నడుస్తుంది. కె వస్తే పుంజుకుంటుంది.

పని చూడ్డానికి ఏమీ ఉండదు. జిసెయిడ్ డేటాబేస్ నుంచి సీక్వెన్సులు దించుకుని, మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో వరసలు సరిచేసి, తెరమీద రంగు గడుల్ని పైనుంచి కిందికి చూసుకుంటూ పోవడమే. తలనొప్పంతా అంకెలతో. వైరస్ పైన ఉండే హీమాగ్లుటినిన్ ప్రొటీన్ కణాన్ని పట్టుకునే చోట ఒక అమైనో ఆమ్లం ఉంది. హెచ్3 లెక్కలో అది 226. హెచ్5 సొంత లెక్కలో 222. మొదట్లో తెగిపోయే 16 అక్షరాల సిగ్నల్ పెప్టైడ్‌ని కలుపుకుంటే 238. మూడూ ఒకటే. అక్కడ క్యూ (గ్లుటమిన్) పోయి ఎల్ (ల్యూసిన్) వస్తే వైరస్ మన ముక్కు, గొంతు కణాల వైపు మొగ్గవచ్చు. అంత ముఖ్యమైన చోటుకి ఏ లెక్క వాడారో పేపర్లో రాయనివాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

2025 ఫిబ్రవరిలో తణుకు వైపు ఫారాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చిపోతున్నప్పుడు మా బాబాయ్ ఫోన్ చేశాడు. “ఏమ్మా, కోడికూర తినొచ్చా, మానెయ్యాలా?” బాగా ఉడికితే భయం లేదన్నాను. “మరి మనుషులకి అంటుతుందో లేదో ఆ అక్షరాలు చూసి చెప్పలేవా?” అన్నాడు. కోళ్లకి ఎంత ప్రమాదమో చాలావరకు చెప్పగలను. హీమాగ్లుటినిన్ తెగే చోట ఒక్క ఆర్ (ఆర్జినిన్) మాత్రమే ఉంటే జబ్బు పేగు, ఊపిరితిత్తుల దగ్గరే ఆగుతుంది. ఆర్‌లు, కెలు గుంపుగా ఉంటే ఒళ్లంతా ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైమ్ దాన్ని కోసిపెడుతుంది, ఏ అవయవమూ మిగలదు. మనుషుల సంగతి అంత తేలిగ్గా తేలదన్నాను. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1తో చనిపోయింది.

మనుషుల సంగతి ఎందుకు తేలదంటే, 2009లో ప్రపంచమంతా తిరిగిన హెచ్1ఎన్1లో 627 దగ్గర ఉన్నది పక్షుల ‘ఇ’నే. 590, 591 స్థానాల్లో వేరే అమైనో ఆమ్లాలు ఆ లోటు పూడ్చాయి. 2024లో టెక్సస్ పాడిఫారంలో పనిచేసే వ్యక్తి కంటి నుంచి తీసిన హెచ్5ఎన్1లో 627లో కె దొరికింది. ఆవుల సీక్వెన్సుల్లో మాత్రం అక్కడ ఇ అలాగే ఉండి, 631లో ఎమ్ (మెథియోనిన్) బదులు ఎల్ కనిపించింది. మార్కర్ల పట్టిక దగ్గర పెట్టుకుని టిక్కులు కొట్టేవాళ్లకి ఇవి మింగుడుపడవు.

ఈమధ్య నేను ఎక్కువసేపు కూర్చునేది ఎక్స్‌ల దగ్గర. 627 దగ్గర మూడక్షరాల కోడాన్ ఆర్‌ఏజీ అని వస్తుంది. ఆ ఆర్‌కి అర్థం, ఏ, జీ రెండూ కనిపించాయని. ప్రోగ్రాం దాన్ని ప్రొటీన్‌లోకి మార్చలేక ఎక్స్ అని రాసి ఊరుకుంటుంది. చాలామంది ఆ సీక్వెన్స్‌ని తీసి పక్కన పెడతారు. నాకైతే అక్కడే ఆసక్తి, ఒకే శాంపిల్‌లో పాతదీ కొత్తదీ కలిసి ఉన్నాయేమోనని. ముడి రీడ్స్ తెరిచి ఏది ఎంత శాతమో లెక్కేస్తాను. తర్వాత పంపినవాళ్లకి ఫోన్: నేరుగా తీసిన శాంపిలా, గుడ్డులో పెంచారా, క్షీరద కణాల్లో పెంచారా? క్షీరద కణాల్లో పెంచితే కె అక్కడే పుట్టి ఉండొచ్చు. శాంపిల్ వివరాల పత్రంలో ఆ గడి నింపకుండా పంపినవాళ్లే నా ఫోన్‌కి ఎక్కువ విసుక్కుంటారు.