పన్నెండేళ్ల గుర్రానికి ఓనమాలు

చాందినీ మీద మొదటిసారి ఎక్కి, మెల్లగా కాళ్లతో నొక్కి "పద" అన్నాను. అది కదల్లేదు. మళ్లీ నొక్కాను. ఈసారి ముందుకాలు ఒకటి పైకెత్తింది. అది దించి ఇంకోటి ఎత్తింది. తర్వాత మెడ వంచి, నిలబడ్డ చోటే డ్యాన్స్ మొదలుపెట్టింది. బ్యాండ్ లేదు, డప్పు లేదు. ఉదయం ఆరు గంటలు. వరంగల్ పక్కన మా మామయ్య వాళ్ల చెలక. చుట్టూ నాలుగు కొంగలు తప్ప చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు.

తాడు పట్టుకుని నిలబడ్డ మామయ్య పగలబడి నవ్వాడు. "బిడ్డా, వీపు మీద మనిషి కూసున్నడంటే దానికి పెండ్లే. ఇంకోటి ఎరుకలే" అన్నాడు.

అవును, చాందినీ పెళ్లి గుర్రం. తెల్లటి ఆడగుర్రం. మార్వాడీ జాతి పోలిక, అందుకే చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మామయ్య కొన్నాడు. తర్వాత ఎనిమిదేళ్లు పెళ్లికొడుకుల్ని మోసింది. కానీ ఒక్కరోజు కూడా ఎవరూ దాని మీద నిజంగా స్వారీ చేయలేదు. బారాత్ ఎప్పుడైనా గమనించండి. గుర్రం మీద కూర్చున్న మనిషి చేసేదేమీ ఉండదు. ముందు తాడు పట్టుకున్నతను నడిస్తే గుర్రం నడుస్తుంది, అతను ఆగితే ఆగుతుంది. తీన్మార్ మోగితే ఆడుతుంది. అంటే మా చాందినీకి వయసు పన్నెండు, అనుభవం బోలెడు, స్వారీ చదువు మాత్రం సున్నా.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. పెళ్లిళ్లు ఇళ్లల్లోనే నలుగురి మధ్య అయిపోయాయి. బారాత్‌లు లేవు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. మాదేమో గుడ్డిది కూడా కాదు! ఉలవలు, తవుడు, గడ్డి... రోజూ ఖర్చే, పైసా రాబడి లేదు. పైగా మామయ్యకి మోకాళ్ల నొప్పి ముదిరింది. మళ్లీ పెళ్లిళ్లు మొదలైనా రాత్రంతా గుర్రం ముందు నడవలేడు. సామాన్ల బండికి కట్టుకుంటానని ఒకాయన బేరానికి వచ్చాడు కూడా.

జూన్‌లో నేను ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని అమ్మమ్మ వాళ్లూరు చేరేసరికి ఇదీ పరిస్థితి. అంతకుముందు హైదరాబాద్‌లో ఏడాదిపాటు శని, ఆదివారాలు గుర్రపుస్వారీ నేర్చుకున్నాను. ఆ ధైర్యంతో ఒక మాట అనేశాను. "మామా, దీనికి స్వారీ నేర్పిద్దాం. నెమ్మదైన గుర్రమైతే టౌన్ నుంచి నేర్చుకునే పిల్లలొస్తారు. దాని తిండి అదే సంపాదించుకుంటది."

"పన్నెండేళ్ల గుర్రానికా? మొక్కై వంగనిది మానై వంగుతదా బిడ్డా?" అన్నాడు మామయ్య. అయినా దసరా దాకా అమ్మనని మాటిచ్చాడు.

ఆ మాట అందుకుని వారం తిరక్కుండానే ఎక్కి కూర్చున్నాను. ఆ డ్యాన్సే నేను పైన చెప్పింది.

సాయంత్రం మా స్వారీ సార్‌కి ఫోన్ చేశాను. ఆయన సైన్యంలో గుర్రాల దళంలో పనిచేసి రిటైరయ్యారు. నవ్వుతూ చెప్పబోతే మధ్యలోనే ఆపేశారు. "పళ్లు చూపించావా? వీపు తడిమి చూశావా? బరువు లెక్కేశావా? ఏదీ లేకుండా ఎక్కేశావా? ఎక్కడం చివరి పాఠం అమ్మా" అన్నారు.

మర్నాడు పశువుల డాక్టర్‌ని పిలిపించాం. పై దవడ మూల పంటి మీద చిగురు దగ్గర చిన్న గీత చూపించాడాయన. సుమారు పదేళ్లకు అది కనబడటం మొదలై, పదిహేనుకి సగం పన్ను దాకా దిగుతుందట. అంచనా మాత్రమే అయినా మామయ్య లెక్కకు సరిపోయింది. దవడ పళ్ల అంచులు వాడిగా పెరిగి బుగ్గల లోపల గీసుకుపోతున్నాయి. వాటిని ఆకురాయితో నున్నగా చేశాడు. నోటి మూలల్లో మాత్రం మానిన గాయాల మచ్చలు ఉన్నాయి. అవి పళ్లవల్ల వచ్చినవి కావు. గోడకు వేలాడుతున్న పాత కళ్లెం దించి చూశాను. నోట్లో పెట్టే కడ్డీకి చిన్న చిన్న ముళ్లు. గుర్రం డీజే మోతకు బెదిరి పరిగెత్తకుండా, మెడ అందంగా వంచి పెట్టేలా ఇలాంటివి వాడతారు. బండి, బరువు లాగే జంతువుల కోసం మన దేశంలో 1965లోనే చేసిన నిబంధనల్లో ముళ్ల కళ్లెం మీద నిషేధం ఉంది. ఆ సంగతి మామయ్యకి తెలియదు. "మా ఉస్తాద్ ఇదే ఇచ్చిండు, నేనిదే కట్టిన" అన్నాడు మెల్లగా.

తర్వాత టేపు తీసుకుని బరువు లెక్క. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 160 సెంటీమీటర్లు. భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవు 150. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే దాదాపు 323 కిలోలు. గుర్రం తన బరువులో ఐదో వంతు దాకా మోయగలదని స్వారీవాళ్లు సాధారణంగా వేసుకునే లెక్క. అంటే జీనుతో కలిపి 64 కిలోలు. వయసు మీరి, వీపు మీద కండలేని గుర్రానికి అంతకంటే తక్కువే మేలు. నేను, నా జీను కలిపి 61. హద్దులోనే ఉన్నా, అంచు మీద ఉన్నానన్నమాట. షేర్వానీ, తలపాగా వేసుకున్న ఎనభై కిలోల పెళ్లికొడుకులు గుర్తొచ్చి నేనూ మామయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ తర్వాత ఆరు వారాలు నేను దాని వీపెక్కలేదు. ఇరవై నిమిషాల పాఠం, ఒక గంట గ్రూమింగ్. రోజూ ఇంతే.

మొదటి పాఠం చాలా చిన్నది. పక్కటెముకల మీద, స్వారీ చేసేవాళ్ల కాలు తగిలే చోట, వేలితో నొక్కాలి. గుర్రం ఒక్క అడుగు పక్కకు జరగ్గానే వేలు తీసేయాలి. నొక్కడం వల్ల గుర్రం నేర్చుకోదు, తీసేయడం వల్ల నేర్చుకుంటుంది. "ఓహో, ఇలా చేస్తే ఆ ఒత్తిడి పోతుందన్నమాట" అని దానికి తెలియాలి. చాందినీకి ఎనిమిదేళ్లలో ఎవరూ ఆ 'తీసేయడం' ఇవ్వలేదు. తాడు ఎప్పుడూ బిగుతుగానే ఉండేది. మొదటి రెండు రోజులు ఎంత నొక్కినా గోడలా నిలబడింది. మొండితనం అనుకున్నాను. మూడో రోజు దానంతట అదే ఒక గిట్ట పక్కకు వేసింది. వెంటనే వేలు తీశాను. తల దించి, పెదాలు నాక్కుంది. నాలుగో రోజుకి వేలు తగిలీ తగలకముందే జరిగింది.

ఇంకో సంగతి, మామయ్య ఎప్పుడూ దానికి ఎడమవైపే నడిచేవాడు. ఎడమవైపు నుంచి ఎంత దగ్గరకెళ్లినా పట్టించుకోని గుర్రం, కుడివైపు నుంచి చిన్న దుప్పటి చూపిస్తే ఉలిక్కిపడేది. అందుకే ప్రతి పాఠం రెండు వైపులా, రెండుసార్లు. లేగ గుర్రానికైతే తెల్ల కాగితం మీద రాస్తాం. ముదురు గుర్రం కాగితం ఖాళీగా ఉండదు. అందులో ఏం రాసి ఉందో ముందు మనం చదువుకోవాలి.

ఆగస్టులో మళ్లీ ఎక్కాను. ఈసారి సార్ పంపిన పాత జీను. దాని వెన్నెముకకు తగలకుండా మధ్యలో రెండు మూడు వేళ్లు దూరేంత ఖాళీ ఉందో లేదో చూసుకున్నాను. నోట్లో కడ్డీ లేదు, ముక్కు మీద మెత్తటి పట్టీ మాత్రమే. నా తల మీద హెల్మెట్.

ఇప్పుడు అసలు సమస్య మొదలైంది. ముందు మామయ్య లేకపోతే చాందినీ అడుగు వేయదు. దానికి 'పద' అంటే మామయ్య వీపే. సార్ ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పారు. "కొత్త మాట ముందు, పాత మాట వెనక. నువ్వు ముందు కాళ్లతో అడుగు. ఒక సెకను ఆగి ఆయన నడవాలి. రోజూ ఆ ఆలస్యం కొంచెం పెంచండి. ఆయన నడిచేలోపే గుర్రం నీ మాట విని కదిలిపోవాలి."

చెప్పడానికి తేలికే. ఆ ఒక్క సెకను ఆగడం చాందినీకి కాదు, మామయ్యకి చేతకాలేదు! నేను నొక్కానో లేదో ఆయన కాలు ముందుకు పడిపోయేది. "ఆగు మామా!" అని రోజుకి పదిసార్లు అరిచేదాన్ని. "ఏం చేద్దు బిడ్డా, కాళ్లకు అలవాటైపోయింది" అని తనే నవ్వేవాడు. పన్నెండేళ్ల గుర్రం కంటే యాభై ఎనిమిదేళ్ల మనిషికి కొత్త పాఠం కష్టమైంది.

సెప్టెంబర్ వచ్చేసరికి మామయ్య తల దగ్గర నుంచి భుజం దగ్గరకు, అక్కడి నుంచి నా కాలి పక్కకు వచ్చాడు. తాడు చేతిలోనే ఉంది కానీ వదులుగా. నాకు ధైర్యం పెరిగింది. కొంచెం ఎక్కువే పెరిగింది. ఒకరోజు తాడు తీసేసి చెరువుగట్టు మీదికి తీసుకెళ్లాను. ఊళ్లో ఏదో చిన్న పెళ్లి. రెండే డప్పులు. మొదటి దెబ్బ వినగానే చాందినీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో దెబ్బకు మెడ వంచింది. మూడోదానికి ముందుకాళ్లు రెండూ గాల్లోకి లేపింది. నేను కింద ఉన్నాను. హెల్మెట్‌కి సొట్ట, ఎడమ మణికట్టుకి పట్టీ.

మామయ్య పరిగెత్తుకొచ్చాడు, మోకాలి నొప్పి మరిచిపోయి. నన్ను ఇంట్లో దింపి, తిన్నగా కొట్టంలోకి వెళ్లి ఆ పాత కళ్లెం దించాడు. "నీకేమన్న అయితే మీ అమ్మకు ఏం మొకం చూపియ్యాలె? ఇది గిట్ల మాట వినదు. రేపే ఆ బేరపాయనకు ఫోన్ చేస్త" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి.

నాక్కూడా ఆ నిమిషంలో దాని మీద కోపం వచ్చింది. దాచడమెందుకు, భయం కూడా వేసింది. అప్పుడు కొట్టంలోకి చూశాను. చాందినీ మూలకు నక్కి ఉంది. మామయ్య చేతిలో కళ్లెం చూసి, నోరు గట్టిగా బిగించి, తల వీలైనంత పైకెత్తి నిలబడింది.

"మామా, డప్పు కొడితే ఆడాలని దానికి నేర్పింది ఎవరు?" అన్నాను.

"నేనే."

"ఆడితే మెచ్చుకున్నది ఎవరు?"

మామయ్య మాట్లాడలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కళ్లెం మళ్లీ మేకుకి తగిలించలేదు. పాత ఇనుము కుప్పలో పడేశాడు. "ఎనిమిదేండ్లు శభాష్ అన్న పనికే ఇయ్యాల కొట్టబోయిన" అన్నాడు, నాతో కాదు, దానితో.

మర్నాటి నుంచి పాఠం మారింది. నా చేతికి పట్టీ కాబట్టి అన్నీ కింద నుంచే. ఫోన్‌లో తీన్మార్ పెట్టి, సౌండ్ వినీ వినపడనంత తగ్గించి, పక్కన నడిచేవాళ్లం. నెమ్మదిగా నడిస్తే ఆగి, గుప్పెడు ఉలవలు. కాలెత్తితే తిట్టడం లేదు, కొట్టడం లేదు. సౌండ్ తగ్గించి మళ్లీ మొదలు. రోజుకి ఒక గీత చొప్పున సౌండ్ పెంచాం. డ్యాన్స్ పూర్తిగా మాన్పించలేదు కూడా. వీపు ఖాళీగా ఉన్నప్పుడు, మామయ్య కింద నుంచి చిటికె వేస్తేనే ఆడాలి. వీపు మీద మనిషి ఉంటే నడక. ఆ తేడా దానికి పట్టుబడటానికి నెల పట్టింది.

దసరాకి వారం ముందు మళ్లీ ఎక్కాను. మామయ్య తాడు విప్పి భుజాన వేసుకున్నాడు. నేను కాళ్లతో మెల్లగా అడిగాను. ఒక సెకను. రెండు. మామయ్య కదల్లేదు. కాలివేళ్లతో నేలను పట్టుకుని నిలబడ్డట్టు నిలబడ్డాడు. చాందినీ ఒక అడుగు వేసింది. ఇంకోటి. పది అడుగులు నడిచి, ఆగి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. "పో, పో తల్లీ" అన్నాడు మామయ్య. గొంతు పట్టేసింది. అది మళ్లీ ముందుకు నడిచింది.

అదేదో రేసు గుర్రం అయిపోయిందని చెప్పను. ఊపిరి, కండ కొన్ని వారాల్లో బలపడినా, నరాలు, కీళ్లు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. వయసు మళ్లిన గుర్రానికి ఇంకా ఎక్కువ. అందుకే ట్రాట్ కూడా తర్వాతి ఏడాది వేసవిలోనే మొదలుపెట్టాం. దౌడు తీయించాలని ఇప్పటికీ అనుకోలేదు. దాని జీవితానికి ఆ అవసరం లేదు.

ఇప్పుడు దానికి పదిహేడేళ్లు. బాగా చూసుకుంటే గుర్రాలు పాతిక, ముప్పై ఏళ్లు బతుకుతాయి. ఆదివారం పొద్దున టౌన్ నుంచి పిల్లలొస్తారు, ముప్పై, నలభై కిలోల వాళ్లు మాత్రమే. పెద్దవాళ్లు అడిగితే మామయ్య టేపు తీసి లెక్క చెప్తాడు. దాని ఉలవల ఖర్చు అదే సంపాదించుకుంటోంది. మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఆ బేరపాయనకు మళ్లీ ఫోన్ వెళ్లలేదు.

మొన్న నేను వెళ్లినప్పుడు ఒక పాప కాళ్లతో గట్టిగా పొడుస్తూ "ఇది వినట్లేదు తాతా" అంది. మామయ్య చెట్టు కింద కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

"వింటది బిడ్డా. నువ్వు జర మెల్లగ అడుగు. అడిగినంక ఒక్క సెకను ఆగు."