మూలకణాలకు ఒక గూడు

రెడ్‌మండ్ నుంచి సరస్సు దాటితే సియాటిల్. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కోల్ డిఫారెస్ట్ బృందం 2018లో ప్రకటించిన హైడ్రోజెల్, కాంతి, ఎంజైమ్ వంటి సంకేతాలు కోరిన కలయికలో అందితేనే కరుగుతుంది. మూలకణాలకు ఇటువంటి తెలివైన గూడు కట్టాలన్నది ఆ రంగపు ఆశ.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ నుంచి వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ప్రచురించిన గూడు ఇంకా సాదాది: ఉమ్మనీటి సంచి పొర. సున్నం పడి నల్లగుడ్డు అంచున మూలకణాలు నశించిన కంటిపై ఆ పొరను పరచి, రెండో కంటి నుంచి తీసిన 2 మిల్లీమీటర్ల ముక్కను 8–10 తునకలు చేసి, ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. కణాలు కంటిమీదే పెరుగుతాయి. వాటిని పెంచే ప్రయోగశాల అక్కరలేదు. ఇది అచ్చమైన ఉత్పత్తి రూపకల్పన. చవక కనుక కాబోలు, ఎవరూ ఆ పేరు పెట్టరు.

సున్నం పొట్లంతో ఆడుకున్న పిల్లవాడికి రెండు కళ్లూ కాలితే మాత్రం తీసుకోవడానికి తన ముక్క ఉండదు. పరుల కణాలు పెట్టాలి, వాటిని శరీరం తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు వాడాలి. సియాటిల్ జెల్ వంటివాటి అవసరం అక్కడ ఉంది.