గోడ లోపలి చెమ్మ



మా ఇంటి బాత్రూం చిన్నది. దాని గోడకు అవతల అమ్మ మంచం. రెండేళ్ల క్రితం ఆ వైపు గోడ మీద అరచేయంత చెమ్మ కనబడింది. మన సంఘంలోని మేస్త్రి అన్నయ్య వచ్చి, షవరు కింద టైల్స్‌ను వేలితో తట్టి చూశారు. "డొల్లగా పలుకుతున్నాయి అయ్యగారూ. లోపల నీరు దిగుతోంది, చెక్కించాలి" అన్నారు.

మాకు ఖర్చు కనబడింది. పని కోసం చెబుతున్నారేమో అనుకున్నాం. పైకి అనలేదు గానీ మా ముఖం ఆయనకు తెలిసిపోయింది. టైల్స్ సందుల్లో వైట్ సిమెంటు పూసి, అవతలి గోడకు రంగు వేయించాం.

మన నల్లరేగడి సంగతి మీకు తెలిసిందే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీది గోడలూ కదులుతాయి. ఏడాది తిరక్కుండానే సందులు విచ్చాయి. రంగు పొక్కి, తెల్లగా ఉప్పు రాలింది. అమ్మకు దగ్గు ఎక్కువైంది. అన్నయ్య ఆదివారాలు రావడం మానేశారు.

ఈ వేసవిలో, మిరప కోతలయ్యాక, ఆయన ఇంటికే వెళ్లి పిలిచాం. టైల్స్ ఊడదీస్తే వెనక ప్లాస్టరింగ్ చేతికే రాలిపోయింది. గోడలో పైపు మలుపు దగ్గర సన్నగా కారుతోంది. ఇటుక కనబడేదాకా చెక్కారు. పైపు మార్చి, గోడ ఆరేదాకా ఆగి, కొత్త ప్లాస్టరింగ్ చేసి, వారం రోజులు తడిపారు. అది ఆరాక మూలలతో సహా వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు. ఆ తర్వాతే టైల్స్.

"టైల్స్ అందానికి అయ్యగారూ. నీటిని ఆపేది వెనకున్న పూతే" అన్నారు.

లేవీయకాండము 14వ అధ్యాయం ఎన్నిసార్లు చదివామో! ఇంటి గోడకు పచ్చని, ఎర్రని చారలు కనబడితే యజమాని వెళ్లి యాజకునికి చెప్పాలి. ఏడు రోజులు ఇల్లు మూసి చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు తీసేసి, లోపలంతా గీకించి, వేరే రాళ్లు పెట్టి, కొత్తగా పూయాలి. పైన రంగు వేయమని అక్కడ లేదు. మా ఇంట్లో మాత్రం చూసి చెప్పింది మేస్త్రి, దాచింది కాపరి.

ఆ సాయంత్రం, "అన్నయ్యా, ఆ రోజు మిమ్మల్ని అనుమానించాం. క్షమించండి" అన్నాం. ఆయన తాపీ కడుగుతూ చాలాసేపు మాట్లాడలేదు. "తెలుసండి" అన్నారు చివరికి. మొన్న ఆదివారం వెనక వరసలో కూర్చున్నారు.

ప్రియులారా, మీకూ ఎవరో ప్రేమతో తట్టి చెప్పిన మాట ఉందా? దానిమీద రంగు వేయకండి. మేము పోగొట్టుకున్న రెండేళ్లు మీరు పోగొట్టుకోకండి. అమ్మ ఆరోగ్యం కోసం ప్రార్థించండి. ఆమేన్.