అనంతగిరి కనుమలో నొక సాయంకాలము

అరకులోయనుండి విశాఖపట్టణమునకు మరలివచ్చుచు, అనంతగిరి కాఫీతోటల చెంత మా అంబాసిడరు కారును నిలిపితిమి. 2014లోనే యీ కార్ల తయారీ నిలిచిపోయినను మా యింట నిది పెద్దదిక్కు. సిల్వరోకు చెట్ల కల్లుకొనిన మిరియపుఁ దీగలను జూచి తిరిగివచ్చునప్పటికిఁ బ్రొద్దు గ్రుంకుచుండెను. తాళము త్రిప్పినపుడెల్ల ‘టక్కు’మని కారు ఊరకుండెను. వెనుక అత్తగారి యొడిలో పసిబిడ్డ. ముందు శృంగవరపుకోట వఱకు మలుపుల దిగుడు త్రోవ.

దీపములు వెలిగించితిమి. అవి బాగుగనే వెలిగి, తాళము త్రిప్పఁగనే యారిపోయెను. బ్యాటరీలో శక్తి యున్నది. త్రోవలో నేదో యడ్డు తగులుచున్నది. బ్యాటరీ మొనలను తాఁకి చూడఁగా నొకటి వేడిగా నుండెను. దానిచుట్టును తెల్లనిపొడి పేరుకొనియుండెను. మావారు వెలుతురునకై అగ్గిపుల్ల గీయఁబోఁగా వారించితిమి; బ్యాటరీనుండి వెలువడు వాయువు అంటుకొనును గదా!

కారు దేహమునకుఁ గలిసిన ఎర్తు తీగను ముందుగా విప్పితిమి. లేనిచోఁ బానా యినుమునకుఁ దగిలి నిప్పులు రాలును. బిడ్డ పాలకై ఫ్లాస్కులో నుంచిన వేడినీళ్లను అత్తగారే యందిచ్చిరి. పొడి కడిగి, తుడిచి, సీసము మెఱయువఱకుఁ జాకుతో గీకి, బిగించి, ఎర్తు తీగను కడపటఁ దగిలించితిమి. ఈమాఱు తాళము త్రిప్పఁగనే కారు కదలెను. శృంగవరపుకోటలో బిడ్డకు వేడిపాలు దొరకినపుడు గాని మా గుండె కుదుటఁబడలేదు.

తప్పు బండిది కాదు, మాది. ఇత్తడిబిందెలను దినదినమును తోముకొను మేము ఈ రెండు మొనలను ఏడాదిగాఁ జూడమైతిమి. సోదరీమణులారా, ప్రయాణమునకుఁ బులిహోర కట్టుకొనునపుడు వానిని గూడ నొకసారి చూడుఁడు.